ఇరవై మూడో నంబరు చెవి

సన్నగా కుయ్‌మని మోగింది. ఎడమ చెవిలోనే మోగింది, శుభ్రంగా వినిపించింది. కాలరు పిన్ని చేతిలో మీట పట్టుకుని, బొటనవేలు దాని మీద ఆనించుకుని, బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది. నొక్కలేదు.

ఇంకాస్త గట్టిగా మోగింది. నొక్కలేదు. మరికాస్త గట్టిగా. ఉహుఁ. గాజు అద్దానికి అవతల కూర్చున్న పరీక్షలమ్మాయి యంత్రం మీది చక్రాన్ని ఒక్కో మెట్టే తిప్పుతోంది. ఇవతల, బయటి చప్పుడు చొరబడని ఆ ఇరుకు గదిలో, పిన్ని గోడలకి అంటించిన మెత్తటి అట్టల మీద చిల్లులు లెక్కపెడుతున్నట్టు చూస్తోంది. చివరికి ఆ మోత చెవి అదిరేంత అయ్యాక, ఎక్కడో లీలగా ఏదో తగిలినట్టు మొహం పెట్టి ఒక్కసారి మీట నొక్కింది.

ఏం మనిషండీ! నిక్షేపంలాంటి చెవిని చెవిటిదని నిరూపించడానికి ఇన్ని తంటాలు పడే మనిషిని మీరెక్కడైనా చూశారా? పోనీ, దీనివల్ల ఆవిడకి ఒరిగేదేమైనా ఉందా అంటే, వచ్చే గురువారం ఆ చెవిని రెండోసారి కోస్తారు. అదీ ఒరిగేది.

మామూలు వాళ్ళయితే ఈ అబద్ధం ఒక్క పూట కూడా నిలబడదు. ఒకే మోతని ముందోసారి, వెనకోసారి, మధ్యలో ఇంకోసారి వేసి చూస్తారు. ఒకసారి ఒకచోట, మరోసారి మరోచోట నొక్కితే దొరికిపోతారు. పిన్ని దొరకలేదు. రెడీమేడ్ చొక్కాల కార్ఖానాలో ముప్ఫై రెండేళ్ళు కాలర్లు కుట్టిన చెయ్యి అది. మేనేజరు దగ్గర్నుంచి ఊడ్చే మనిషి దాకా అందరికీ ఆవిడ కాలరు పిన్నే, అసలు పేరు జీతం కాగితాల్లో తప్ప ఎక్కడా ఉండదు. కొలతంటే కొలతే. కార్ఖానాలో మధ్యాహ్నం భోజనాలకి కొట్టే గంటని మనసులో పెట్టుకుని, మోత ఆ గంటని దాటితే నొక్కేది, దాటకపోతే లేదు. ఇంతకుముందు రెండుసార్లు పరీక్ష చేస్తే రెండుసార్లూ కాగితం మీది గీతలు అచ్చు గుద్దినట్టు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. "ఇంత నిలకడగా చెప్పేవాళ్ళని నేను చూళ్ళేదమ్మా" అని పరీక్షలమ్మాయి మెచ్చుకుంది కూడా. పిన్ని సిగ్గుతో తల దించుకుంది. ఆ పిల్ల అది అణకువ అనుకుంది.

ఇదంతా ఎలా మొదలైందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

చెవి లోపల, కర్ణభేరి వెనక, వరసగా మూడు బుల్లి ఎముకలుంటాయి. మూడోది మరీ బుల్లిది, బియ్యపు గింజలో సగం. అది కదిలితేనే చప్పుడు లోపలి చెవికి చేరుతుంది. పిన్నికి ముప్ఫయ్యో ఏటి నుంచి ఆ ఎముక అంచున కొత్త ఎముక పెరుగుతూ వచ్చి, లావు గుండీ సన్నటి కాజాలో ఇరుక్కున్నట్టు అది బిగుసుకుపోయింది. రెండు చెవుల్లోనూ అదే కథ. చిత్రమేమిటంటే, ఈ జబ్బున్న వాళ్ళకి నిశ్శబ్దంలో కంటే గోలలోనే మాటలు బాగా తెలుస్తాయి. ముప్ఫై కుట్టు మిషన్లు ఒక్కసారిగా నడిచే హాల్లో అందరూ అరిచే మాట్లాడుకుంటారు కాబట్టి అక్కడ పిన్ని అందరితో సమానం. ఇంటికొస్తేనే చెవుడు. ఇంకో చిత్రం కూడా ఉంది. తన గొంతు తన తలలోనే ఖంగుమని మోగడం వల్ల, అరుస్తున్నానేమోనని భయపడి ఆవిడ ఎప్పుడూ గుసగుసలాడినట్టే మాట్లాడేది. "మా అక్క మాట పక్కనున్న దోమక్కూడా వినపడదు" అని చెల్లెలు వేళాకోళం చేసేది.

చెల్లెలికేం, అన్నీ వినపడతాయి. ఆవిడవి పాముచెవులు. పక్కింట్లో చెంచా కిందపడితే, ఏ చెంచాయో కూడా చెప్పగలదు.

పిన్ని భర్త పోయి పదహారేళ్ళయింది. పిల్లల్లేరు. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ఆయన పోయిన దగ్గర్నుంచి చెల్లెలు రోజూ సాయంత్రం తను గుమాస్తాగా పనిచేసే బడి నుంచి తిన్నగా అక్క ఇంటికే వచ్చేది. చెప్పులు విడిచి, మంచం మీద అక్క పక్కన కూర్చుని, భుజం చుట్టూ చెయ్యి వేసి, ఎడమ చెవికి నోరు ఆనించి, ఆ రోజు కబుర్లన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. హెడ్మాస్టరు ఎవర్ని ఎందుకు తిట్టాడు, తన మొగుడు టీవీ ముందు కూర్చుని ఎంత సేపు గురక పెట్టాడు, బస్సులో ఎవరు ఎవరి కాలు తొక్కారు, తొక్కించుకున్నవాళ్ళు ఏమన్నారు. అరిచి చెప్పాలి మరి. చెవికి పెట్టుకునే మిషనొకటి కొన్నారు గానీ, అది వేళాపాళా లేకుండా ఈలలు వేస్తుంటే పిన్ని దాన్ని సొరుగులో పడేసింది. "నేనుండగా నీకు మిషనెందుకక్కా" అంది చెల్లెలు.

రోజుకో గంట, అలా పదిహేనేళ్ళు. చెవిలో ఆ వేడి ఊపిరి, భుజం మీద ఆ చెయ్యి. నిజం చెప్పొద్దూ, ఆ మాటల్లో సగం పిన్నికి అర్థమయ్యేవి కావు. అయినా తలూపుతూ వినేది. మధ్యాహ్నం మూడు దాటిందంటే చాలు, కాలరు కుడుతున్న చేతులు వాటంతటవే వేగం అందుకునేవి.

కిందటేడు పెద్దాసుపత్రిలో చెవి సర్జనుగారు కొత్త రకం పిస్టన్ మీద పరిశోధన మొదలుపెట్టాడు. బిగుసుకుపోయిన ఎముకని తీసేసి, ఆ చోట గోటి తునకంత పిస్టన్ పెట్టి, పక్క ఎముకకి హుక్కులా తగిలిస్తాడు. యాభై మందికి పెట్టి, నెలకి, మూడు నెలలకి, ఆరు నెలలకి, ఏడాదికి పిలిచి చూస్తాడు. ఆ సంగతి ఎక్కడ పట్టిందో చెల్లెలే పట్టుకొచ్చింది. "ఇంకెన్నాళ్ళక్కా నేను నీ చెవిలో బాకా ఊదను? పద" అని నవ్వుతూ లాక్కెళ్ళింది. పిన్ని ఇరవై మూడో నంబరు.

ఎడమ చెవికి మాత్రమే మత్తిచ్చారు. మనిషి మెలకువగానే ఉంది. సూక్ష్మదర్శిని కింద గంట సేపు ఏదో చేశాక, సర్జను మామూలు గొంతుతో "ఏమమ్మా, వినిపిస్తోందా?" అన్నాడు. వినిపించింది. మొహం మీద కప్పిన గుడ్డ కింద పిన్ని భోరుమంది.

మొదటి మూడు నెలలు పిన్ని పట్టరాని సంతోషంతో గడిపింది. నీళ్ళు మరిగే చప్పుడుకి పొయ్యి దగ్గరే నిలబడిపోయేది. తన చీర కుచ్చిళ్ళు నేలకి రాసుకునే చప్పుడు విని, వెనకెవరో వస్తున్నారని రెండుసార్లు తిరిగి చూసింది. ఆరు నెలల పరీక్ష కూడా దివ్యంగా జరిగింది. సర్జను ఆ కాగితాన్ని తన శిష్యులందరికీ చూపించాడు.

ఆ సంతోషంలో పడి పిన్ని ఒక సంగతి ఆలస్యంగా గమనించింది. చెల్లెలు రావడం తగ్గింది.

"ఇప్పుడు ఫోన్లో వినపడుతుంది కదక్కా" అంది. సరే, ఫోనే. పావుగంట మాటలు ఐదు నిమిషాలయ్యాయి, ఐదు కాస్తా ఒకటయింది. తర్వాత అదీ పోయి, "తిన్నావా", "పడుకో", "రేపు చేస్తా" అని ఫోన్లో రాసి పంపడం మొదలుపెట్టింది. వారానికోసారి వచ్చినా, ఎదురుగా కుర్చీలో కూర్చుని రెండు ముక్కలు మాట్లాడి లేచేది. పక్కన కూర్చోవలసిన పని లేదు, భుజం మీద చెయ్యి వెయ్యాల్సిన పని అంతకంటే లేదు. కార్ఖానాలోనూ అంతే. ఇదివరకు ఏం కావాలన్నా పిల్లలు దగ్గరకొచ్చి, చెయ్యి తట్టి, మొహంలో మొహం పెట్టి చెప్పేవాళ్ళు. ఇప్పుడు హాలు అవతలి మూల నుంచి "పిన్నీ, రెండు కాలర్లు!" అని కేకేసి తమ పని తాము చూసుకుంటున్నారు.

సాయంత్రాలు ఇంట్లో అన్నీ వినిపించేవి. ఫ్రిజ్ గుర్రుమని మొదలయ్యేది, ఆగేది. పై అంతస్తులో కుర్చీ జరిగేది. మెట్ల మీద అడుగులు వచ్చి, తన తలుపు దాటి, పైకి వెళ్ళిపోయేవి. వాటిలో చెల్లెలి అడుగులు ఉండేవి కావు. పిన్నికి ఒంటరిగా ఉంది. చెవుడున్న రోజుల్లో ఏనాడూ లేనంత ఒంటరిగా ఉంది. పోనీ ఎవరికైనా చెప్పుకుందామంటే, చెవులొచ్చాక ఏడుస్తున్నానంటే జనం నవ్విపోరూ?

తొమ్మిదో నెలలో ఒక ఆదివారం చెల్లెలు ఫోన్ చేసి, "బాగున్నావా, ఉంటానక్కా" అంది. అరనిమిషం కూడా కాలేదు. పిన్ని నోట్లోంచి తనకే తెలియకుండా ఒక మాట జారింది.

"ఏమిటీ? ఏమంటున్నావ్? సరిగ్గా వినపడ్డం లేదు చెల్లీ."

గంట తిరక్కుండా చెల్లెలు రెండు బస్సులు మారి వచ్చింది. ఆయాసపడుతూ మూడంతస్తులూ ఎక్కి, మంచం మీద పక్కన కూలబడి, భుజం చుట్టూ చెయ్యి వేసి, చెవికి నోరు ఆనించి అరిచింది. "అక్కా! ఇప్పుడు వినిపిస్తోందా?"

పిన్ని కళ్ళు నిండిపోయాయి.

"కొంచెం" అంది.

రేపు నిజం చెప్పేద్దామనుకుంది. ఆ రేపు చెల్లెలు మళ్ళీ వచ్చింది. ఎల్లుండి చెప్పేద్దామనుకుంది. ఎల్లుండీ వచ్చింది. ఐదో రోజు చెల్లెలు సెలవు పెట్టి అక్కని ఆసుపత్రికి లాక్కెళ్ళింది. ఇక అక్కణ్ణుంచి పిన్నిది కక్కలేని మింగలేని పరిస్థితి. చెల్లెలితో అబద్ధమాడిన మనిషికి యంత్రం ముందు కూడా ఆడక తప్పలేదు.

గీతలు చూసి సర్జను మొహం వాడిపోయింది. నలభై తొమ్మిది చెవులు బాగున్నాయి, ఈ ఒక్కటి ఎందుకు పోయింది? తన చెయ్యి ఎక్కడ తప్పింది? అది తేలేదాకా ఆ పిస్టన్ కొత్తవాళ్ళెవరికీ పెట్టనని ఆపేశాడు. "పిస్టన్ జారి ఉంటుందమ్మా. తెరిచి చూడాలి. కానీ రెండోసారి తెరవడం మొదటిసారంత తేలిక కాదు. కొందరికి లోపలి చెవి పూర్తిగా చచ్చిపోతుంది. అప్పుడిక దానికి మందూ లేదు, మిషనూ లేదు. ఆలోచించుకోండి" అన్నాడు.

పిన్ని అక్కడికక్కడే వద్దనేద్దామనుకుంది. కానీ వరండాలోకి రాగానే చెల్లెలు చెవి దగ్గరికొచ్చి, "భయపడకక్కా! ఆపరేషన్ అయ్యాక పది రోజులు నీ దగ్గరే ఉంటా! సెలవు రాసిచ్చేశా!" అని అరిచింది.

పది రోజులు. పొద్దున్న లేచేసరికి పక్కన మనిషి. పిన్ని ఆ మాటకి చెవిని వదులుకోడానికి సిద్ధపడిపోయింది. బుద్ధి ఉన్నవాళ్ళెవరైనా ఈ పని చేస్తారా అని మీరడగొచ్చు. ఆ ఇంట్లో సాయంత్రం ఆరు గంటలకి ఒక్కసారి కూర్చుని చూసి అప్పుడడగండి.

ఇదిగో, ఇప్పుడు మూడోసారి పరీక్ష. గురువారానికి ఇంకా మూడు రోజులుంది. మీట పరీక్ష అయ్యాక పరీక్షలమ్మాయి బరువైన తలుపు తెరిచి, పిన్నికి వినపడేలా గట్టిగా చెప్పింది. "ఇంకొక్కటే అమ్మా! ఇప్పుడు మాటలు! నేను కాదు, మీ చెల్లెలుగారు చదువుతారు! వినపడినదాన్ని తిరిగి చెప్పండి, లేకపోతే ఊరుకోండి!"

సర్జనుగారి పరిశోధనలో అదొక భాగం. బాగా తెలిసిన గొంతు మనిషికి ఎంత తక్కువలో అందుతుందో చూడాలని ఆయన కోరిక. ఆరు నెలల దాకా జరిగిన పరీక్షలకి చెల్లెలు రాలేక, ఆ తర్వాత మీట పరీక్షలతోనే సరిపోయి, ఇన్నాళ్ళూ అది మిగిలిపోయింది.

తలుపు మూసుకుంది. అద్దానికి అవతల చెల్లెలు మైకు ముందు కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని, మాటల జాబితా చేతిలోకి తీసుకుంది. పరీక్షలమ్మాయి చక్రాన్ని ముప్ఫై దగ్గర, అంటే మెల్లగా చెప్పే మాటంత చప్పుడు దగ్గర పెట్టింది. కాగితం ప్రకారం ఆ ముప్ఫైలో పిన్నికి పిడుగు పడినా వినపడకూడదు. కింది నుంచి మొదలుపెట్టి పైకి వెళ్ళడం పద్ధతి కాబట్టి అక్కడ పెట్టింది, అంతే.

"కిటికీ" అంది చెల్లెలు.

పిన్ని కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. చెల్లెలి గొంతు సరిగ్గా చెవిలో ఉంది. అరుపు కాదు, మామూలు గొంతు, మెల్లగా, పక్కన తల ఆనించి చెప్పినట్టు. పదిహేనేళ్ళు ఈ చెవి ఆ గొంతుని అరుపుగానే ఎరుగును. తర్వాత ఫోన్లో గరగరగా ఎరుగును, ఆ గరగర ఫోనుదే అనుకుంది. ఫోనుది కాదు. పాత బట్ట చింపుతున్నట్టు చెల్లెలి గొంతే చీరుకుపోయి ఉంది.

పిన్ని ఊరుకుంది. ఊరుకోవాలి కదా మరి.

"పడవ."

చెల్లెలు జాబితా మీంచి తలెత్తి, అద్దంలోంచి అక్క పెదవుల కేసి ఆశగా చూసింది. పిన్ని గోడకేసి చూసింది.

"తాళం... దువ్వెన." ప్రతి మాటకీ తలెత్తి చూస్తోంది. ప్రతి మాటకీ ఆ మొహం కాస్త కాస్త దిగాలు పడుతోంది. "గొడుగు!" అని గొంతు పెంచింది.

"అరవకండి ఆంటీ. పెంచాలంటే నేను పెంచుతాగా" అంది పరీక్షలమ్మాయి.

"అలవాటైపోయిందమ్మా. మెట్లు! అద్దం! వంతెన!"

తొమ్మిదో మాట దగ్గర చెల్లెలి నోరు కదిలింది, గొంతు రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. "చే... చేపలు" అని గాలిలా వచ్చింది. వెంటనే దగ్గు తెర ముంచుకొచ్చింది. ముందుకి వంగి, మెడ పట్టుకుని, కళ్ళంట నీళ్ళు కారేలా దగ్గింది. పరీక్షలమ్మాయి నీళ్ళ సీసా అందించి, వీపు నిమిరింది. మైకు ఆపలేదు. ఎందుకాపుతుంది? ముప్ఫైలో అవతలి మనిషికి వినపడదని కాగితం చెబుతోంది, ఆ కాగితం గీసింది ఆ పిల్లే.

"గొంతుకేమైంది ఆంటీ?"

"ఏముంది తల్లీ, ఏడాది నుంచీ ఇదే. కింది అంతస్తులో గొంతు డాక్టరుగారే చూస్తున్నారు. లోపల రెండు కాయలు కాశాయట. ఏళ్ళ తరబడి అరిచి అరిచి వస్తాయట అవి. ఇంకా అరిస్తే గొంతు మొత్తానికే పోతుంది, వీలైనంత నోరు మూసుకోమన్నారు. అందుకే అక్క దగ్గరికి వెళ్ళడం తగ్గించా. వెళ్తే నా నోరు ఊరుకోదుగా!"

"మరి ఇప్పుడూ..."

"ఇప్పుడేం చెయ్యను? మళ్ళీ వినపడ్డం లేదంటే మనసూరుకుంటుందా? రోజూ వెళ్ళి అరుస్తున్నా." మళ్ళీ దగ్గింది. "అక్కకి మాత్రం చెప్పకమ్మా. తన చెవుల వల్లే అనుకుని కుళ్ళిపోతుంది. పద, ఎక్కడున్నాం? చేపలు అయింది. బొం..."

ఆ పదో మాట పూర్తిగా రాలేదు. చెల్లెలు గొంతు సవరించుకుని, మళ్ళీ నోరు తెరిచింది.

ఇన్నాళ్ళూ చెల్లెలి గొంతు తనకి దూరమైందని ఏడ్చింది గానీ, ఆ గొంతుకి ఏమైందని పిన్ని ఒక్కసారి అడిగిందా? పైగా ఈ రెండు నెలలూ, తన సరదా కొద్దీ, రోజూ కూర్చోబెట్టి దాని చేత అరిపించింది. ఛీ, నేనూ ఒక అక్కనేనా అనుకుంది.

"కిటికీ" అంది పిన్ని.

గాజు అవతల ఇద్దరూ తలెత్తారు.

"పడవ. తాళం. దువ్వెన." అదే గుసగుస, కానీ ఈ గదిలోంచి బయటికి పోయే మైకు ఆ గుసగుసని పొల్లు పోకుండా అందిస్తోంది. "గొడుగు. మెట్లు. అద్దం. వంతెన. చేపలు. ఇంక చదవకే తల్లీ. నీకు దణ్ణం పెడతా, ఇంక చదవకు. అన్నీ వినిపించాయి. మొదట్నుంచీ వినిపిస్తూనే ఉన్నాయి."

పరీక్షలమ్మాయి చెయ్యి చక్రం మీదే ఉండిపోయింది. చెల్లెలు లేచింది. ఆ బరువైన తలుపు తనే లాగి లోపలికొచ్చింది. కొడుతుందేమో అనుకుంది పిన్ని. కొడితే బాగుండనుకుంది. చెల్లెలు అక్క తల మీంచి హెడ్‌ఫోన్‌ని రెండు చేతులతో, ఆ ఎడమ చెవికి తగలకుండా జాగ్రత్తగా తీసి, గోడ కొక్కేనికి తగిలించింది. తర్వాత వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. ఆ అడుగులు వరండా చివరిదాకా, మెట్ల దాకా, మెట్లు దిగేదాకా పిన్నికి వినిపించాయి.

కాసేపటికి సర్జను వచ్చాడు. అరుస్తాడనుకుంటే ఎత్తు పీట లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"ఎందుకమ్మా ఇలా చేశారు?"

"చెవుడున్నప్పుడు అందరూ దగ్గరకొచ్చి చెప్పేవాళ్ళండీ" అంది పిన్ని. "వినపడ్డం మొదలయ్యాక ఎవరూ దగ్గరికి రాలేదు."

ఆయన చేతిలో ఉన్న ప్రశ్నల కాగితాన్ని పై నుంచి కింది దాకా చదివాడు. అందులో నొప్పి ఉందా, తల తిరుగుతోందా, రుచి తెలుస్తోందా, చెవిలో హోరుందా అని ఇరవై ప్రశ్నలున్నాయి. "ఇది మేమెవర్నీ అడగలేదమ్మా" అన్నాడు. గురువారం ఆపరేషన్ కొట్టేశాడు. ఇరవై మూడో నంబరు ఎదురుగా 'బాగుంది' అని రాశాడు. వెళ్ళేముందు "ఇంకెప్పుడూ ఆ చెవితో ఆటలాడకండి" అని మాత్రం కటువుగానే అన్నాడు.

తర్వాత పదకొండు రోజులు ఫోను మోగలేదు. పిన్ని కార్ఖానాకి వెళ్ళింది, వచ్చింది. మూడంతస్తుల కింద గేటు చప్పుడైతే చాలు, లేచి నిలబడేది. అడుగులు దాటిపోయాక మళ్ళీ కూర్చునేది. తను చేసినదానికి ఇది తక్కువేనని అనుకుంది, అనుకుని ఏడ్చింది. ఆ ఏడుపు కూడా తనకే వినిపించి ఇంకా ఏడుపొచ్చింది.

పన్నెండో రోజు మరిది నుంచి ఫోన్లో రాసిన కబురొచ్చింది. "వదినగారూ, మీ చెల్లెలికి రెండు నెలలు పూర్తిగా మౌనం అన్నారు డాక్టరుగారు. మెడలో పలక వేసుకుని తిరుగుతోంది. దాని మీద రాసి మరీ నన్ను తిడుతోంది. మీరెలా ఉన్నారు?"

పిన్ని ఆ కబురు మూడుసార్లు చదివింది. ఈ పదహారేళ్ళలో ఆవిడ చెల్లెలింటికి వెళ్ళింది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఐదారుగురు ఒకేసారి మాట్లాడే ఆ ఇంట్లో, అందరూ నవ్వాక తను నవ్వడం, ఎందుకు నవ్వానో తెలియక బిక్కమొహం వెయ్యడం ఆవిడకి చచ్చే నామోషీ. అందుకని ఎప్పుడూ చెల్లెలే వచ్చేది. తను కూర్చుని ఎదురు చూసేది. ఇప్పుడు ఏం అడ్డమొచ్చిందని కూర్చున్నట్టు? కుట్టు మిషను మీద గుడ్డ కప్పి, సగం పూట సెలవు పెట్టి, బస్సెక్కింది. రెండో బస్సు ఎక్కడ మారాలో కండక్టరు కేక విని దిగింది.

మరిది తలుపు తీసి, "రండి వదినగారూ" అని, లోపలి గది చూపించి, పనున్నవాడిలా బయటికి జారుకున్నాడు.

చెల్లెలు మంచం మీద కూర్చుని, ఆరిన బట్టలు మడత పెడుతోంది. మెడలో నిజంగానే తాడు కట్టిన చిన్న పలక. తలెత్తలేదు. పిన్ని గుమ్మం పక్కన కుర్చీలో, ఒళ్ళో సంచీ పెట్టుకుని, ఉద్యోగానికొచ్చిన మనిషిలా ఒదిగి కూర్చుంది.

"నీకు కబుర్లు చెబుదామని వచ్చా" అంది.

చెల్లెలు ఒక తువ్వాలు మడిచి, ఇంకోటి అందుకుంది.

కబుర్లు చెప్పడం పిన్నికి అలవాటు లేని పని. ఇన్నేళ్ళూ వినడమే. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక కార్ఖానాతో మొదలుపెట్టింది. కొత్తగా చేరిన పిల్ల ఇరవై చొక్కాలకి కాలర్లు తిరగేసి కుట్టిందని, మేనేజరు ఒకటి తొడుక్కుని చూసి ఊపిరాడక ఎర్రబడ్డాడని చెప్పింది. పై అంతస్తు వాళ్ళు కుర్చీ కాళ్ళకి రబ్బరు తొడిగారని చెప్పింది. బస్సులో ఒకాయన ఇంకొకాయన కాలు తొక్కాడని చెప్పింది. మడత పెట్టిన బట్టల దొంతర పెరుగుతోంది.

"తప్పు చేశాను చెల్లీ" అంది చివరికి. "నువ్వు రాకపోతే ఆ ఇంట్లో నాకు భయమేసింది. ఉన్న మాట నీతో అనలేక, లేని రోగం తెచ్చుకున్నా. నీ గొంతు సంగతి నాకు తెలీదే. తెలుసుకోలేదు, అది ఇంకా పెద్ద తప్పు. ఇంక నువ్వు రావద్దు, మాట్లాడొద్దు. నేనే రోజూ వస్తా. వద్దంటే చెప్పు, ఇలాగే లేచి వెళ్ళిపోతా."

చెల్లెలి చేతులు ఆగాయి. చేతిలో ఉన్న చొక్కాని ఒళ్ళో పెట్టుకుని, దాని కాలరు కాసేపు సవరించింది. తర్వాత పలక ముందుకి లాక్కుని, ఏదో గబగబా రాసి, అక్క వైపు తిప్పి పట్టుకుంది. మొహం మాత్రం ఇంకా కిటికీ కేసే ఉంది.

పిన్ని కళ్ళు తుడుచుకుని చదివింది.

"ఒక్క ముక్క వినపడ్డం లేదు. పక్కకొచ్చి చెప్పు."

పక్కింట్లో చెంచా కిందపడితే ఏ చెంచాయో చెప్పగలిగే మనిషి రాసిన మాట అది. పిన్ని సంచీ కింద పెట్టి లేచింది. బట్టల దొంతర పక్కకి జరిపి, మంచం మీద చెల్లెలి పక్కన కూర్చుని, భుజం చుట్టూ చెయ్యి వేసి, చెవికి నోరు ఆనించి, తిరగేసి కుట్టిన కాలర్ల దగ్గర్నుంచి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది.